నెట్టు దొంగను పట్టిన వైకుంఠం

"నెట్టు ఏడ ఆగుతున్నదో పట్టుడు గూడ ఒక పనేనా విశ్వేశ్వర్? చెవి ఉంటే చాలు," అని వైకుంఠం సాసర్లోకి ఛాయ్ ఒంపుకుని ఊదకుండానే ఒక్క గుక్కలో తాగేశాడు.

గౌలిపురలో విశ్వేశ్వర్ ఛాయ్ దుకాణం ముందర ఆయన అట్లా సాసర్ ఖాళీ చేశాడంటే ముచ్చట మొదలైనట్టే. ఇక ఎంత పనున్నా ఎవరూ లేవరు. ఎదురు బెంచీ మీద పాల కృష్ణయ్య ఖాళీ క్యాన్లు కాళ్ల దగ్గరికి లాక్కుని సర్దుక్కూర్చున్నాడు. పొయ్యి దగ్గర విశ్వేశ్వర్ మంట తగ్గించాడు.

వైకుంఠం టెలిఫోన్ల డిపార్టుమెంటులో ముప్పై రెండేళ్లు లైన్‌మన్. ఉప్పుగూడ నుంచి కిషన్‌బాగ్ దాకా ఆయన ఎక్కని స్తంభం లేదు. ఆయన రిటైరైన ఏడాదే స్తంభాల మీది రాగి తీగలు కూడా దించేశారు. ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో "లైన్ పోయింది, జెర చూడన్నా" అని ఆయన తలుపు కొట్టినవాళ్లు లేరు. వారం కిందట ఒక్క ఆండాలు కొట్టింది.

ఆండాలు ఆ దుకాణానికి ఎదురుగా ఆడపిల్లల హాస్టల్ నడుపుతుంది. మూడంతస్తులు, నలభై మంది పిల్లలు. ఒకవైపు గోడ వైకుంఠం ఇంటి గోడను ఆనుకునే ఉంటుంది. రెండు నెలలుగా హాస్టల్లో సాయంత్రమైతే వైఫై నెట్టు పడిపోతోంది. నెట్టు పెట్టినవాళ్లు మూడుసార్లు వచ్చారు, డబ్బా మార్చారు, "మా తప్పు కాదమ్మా, లోపల ఎవరిదో మిషన్ అడ్డం కొడుతున్నది" అని వెళ్లిపోయారు. పరీక్షలు దగ్గర పడ్డాయి. పిల్లలు గేటు దగ్గర లొల్లి పెట్టారు. అప్పుడామె వైకుంఠం గుమ్మంలో నిలబడి, "నువ్వే చూడాలె అన్నా" అంది.

ఆ మాటకు ఆయన పాత ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్లాడు. గది గదీ తిరిగాడు. ఏమీ అంతుపట్టలేదు. ఆండాలు ఆయన మొహంలోకే చూస్తోంది. పన్నెండో గదిలో స్రవ్య అనే పిల్ల బల్ల మీద తీగలు, బోర్డులు, బొటనవేలంత ఏరియల్ ఉన్న పనిముట్టు కనబడ్డాయి. "ఇదే" అన్నాడు. ఆండాలు అవన్నీ సంచిలో వేసి తన అల్మారాలో పెట్టి తాళమేసింది. శనివారంలోగా గది ఖాళీ చేయమంది. తప్పైందని ఒక్క మాట అంటే ఉండనిస్తానంది కూడా. పిల్ల అనలేదు.

ఆ "ఇదే" అన్న మాట వైకుంఠానికి గోటి కింద ముల్లులా ఉంది. అది కదిలినప్పుడల్లా ఆయన గొంతు ఇంకాస్త పెంచేవాడు.

"చెవితోని నెట్టు ఎట్ల పడ్తవన్నా?" అన్నాడు కృష్ణయ్య.

"స్తంభానికి చెవి ఆనిస్తే ఏ ఇంట్ల ఏం కూర వండుతున్నరో చెప్పెటోన్ని రా నేను."

"కూర ఎట్ల తెలుస్తది?"

"పగటి పూట ఫోన్ల మనుషులు ఇంకేం మాట్లాడుకుంటరు? ఇను. హాస్టల్ గోడకు చెవి పెట్టిన. లోపల సుయ్యిమని చప్పుడు. ఒక్కటి గాదు, మూడు రకాల సుయ్యి. మొదటిది కింద వంటింట్లకెల్లి వస్తున్నది. పోయి చూస్తే ఒవెన్! సాంబారు ఏడి చేస్తుండ్రు. ఒవెన్‌ల కెల్లి వచ్చే అలలు, నెట్టు అలలు ఒక్క తొవ్వల్నే నడుస్తయి. ఇరుకు గల్లీల రెండు ఆటోలు ఎదురుపడితే ఏమైతది? గదే అయితున్నది. రొట్టెలు చుట్టే వెండి కాయితం తెచ్చి ఒవెన్‌కు పై నుంచి కింది దాంక చుట్టిన. ఒక్క అల గూడ బయటికి రాకుండ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అలలన్నీ లోపల్నే తిరుగుడు, తిరుగుడు. సాంబారు సోమవారం పెడితే గురువారం దాంక పొగలు కక్కుకుంటనే ఉన్నది!"

"మా సాంబారు మంగళవారం పొద్దుగాలనే చల్లగయ్యింది," అని వెనక నుంచి గొంతు వినబడింది. ఆండాలు ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంది. రోజూ ఆ వేళకు ఛాయ్ నింపించుకోవడానికి వస్తుంది.

వైకుంఠం తొణకలేదు. "నువ్వు మూత తీసినవ్ చెల్లె. అందుకే చల్లగయ్యింది. నేను తియ్యొద్దని చెప్పిన్నా లేదా?"

చెప్పినట్టు ఆండాలుకు గుర్తులేదు. కానీ తన హాస్టల్ ముచ్చట కనుక ఫ్లాస్కు బల్ల మీద పెట్టి నిలబడింది.

"ఇగ రెండో సుయ్యి. అది మీది అంతస్తులల్ల. నలభై మంది పిల్లలు, నలభై జతల చెవి మిషన్లు, ఒక్కటికి గూడ వైరు లేదు. పాటలు వినే డబ్బాలు వేరే. ఇగ ఆ వరండాలకు పోతే, కృష్ణయ్యా, మొహానికి సాలెగూడు తగిలినట్టే తగులుతున్నయి అలలు! చేతితోని తీసేస్తే చేతికే అతుక్కుంటున్నయి. నాకు కోపమొచ్చింది. పొడుగు చీపురు తెమ్మని, ఆ కొస నుంచి ఈ కొస దాంక ఊడ్చిన. ఒక గోనె సంచి నిండింది."

"అలలు సంచిల నింపినవా?" విశ్వేశ్వర్ గరిటె ఆగిపోయింది.

"కుక్కి కుక్కి నింపిన. మూతి సుతిలితోని కట్టిన. కట్టెల దుకాణం కాంటా మీద పెడితే పద్దెనిమిది కిలోలు తూగింది. ఏడ పారబొయ్యాలె? మోరీల పోస్తే బస్తీ మొత్తం కొట్టుకపోతది. జెరసేపు కృష్ణయ్య కొట్టం గోడకు ఆనిచ్చి పెట్టిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొట్టంల పెద్ద బర్రె దాన్ని గడ్డి మూట అనుకున్నది. సంచి మూతి పీకింది. మొత్తం మేసింది!"

"నా బర్రెనా!"

"నీదే. వంకర కొమ్ములది. తెల్లారి చూస్తే కొట్టం ముంగట పిల్లలు, పెద్దలు, ముసలోళ్లు, అందరు ఫోన్లు పట్టుకుని నిలబడ్డరు. బర్రె తోక కాడ నాలుగు గీతల సిగ్నల్! మొహం దిక్కు రెండే గీతలు. అది తోక ఊపినప్పుడల్లా ఒక్కొక్కరికి ఒక్కొక్క సినిమా దిగుతున్నది. నెమరేస్తుంటే మాత్రం జెర ఆగి ఆగి వస్తుండె."

"నాకు తెల్వకుండ నా బర్రె కాడ గింత జరిగిందా?"

"నువ్వు తల వంచుకుని పాలు పిండుకుంట కూసుంటివి. ఈ నెల నీ ఫోన్ల నెట్టు ఖతం గాకుండ ఎందుకు మిగిలింది? ఎన్నడన్న ఆలోచించినవా?"

కృష్ణయ్య నిజంగానే ఆలోచనలో పడ్డాడు. విశ్వేశ్వర్ నవ్వు ఆపుకోలేక పొయ్యి వైపు తిరిగాడు. ఆండాలు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నవ్వనిది ఒక్కతే. బిస్కెట్ల సీసాల పక్కన, నోట్‌బుక్కు ఎదకు హత్తుకుని నిలబడ్డ సన్నటి పిల్ల. ఎప్పుడొచ్చిందో వైకుంఠం చూడలేదు. స్రవ్య. అచ్చంపేట దిక్కు పిల్ల, ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. పొలం కాడి మోటారును ఇంటి దగ్గర నుంచే ఆపే యంత్రం తయారు చేస్తోంది. సోమవారం కాలేజీలో అది చూపించాలి. ఆ యంత్రమే ఆండాలు అల్మారాలో ఉంది.

ముల్లు కదిలింది. వైకుంఠం గొంతు పెంచాడు.

"ఇగ మూడో సుయ్యి! అది అసలుది. కింద లేదు, నడుమ లేదు. మీదికెల్లి వస్తున్నది. మిద్దె ఎక్కి ఆకాశానికి చెవి పెట్టిన. అర్థమయ్యింది. ఒక ఉపగ్రహం! సక్కగ ఆండాలు చెల్లె హాస్టల్ నెత్తి మీదికి వచ్చి ఆగింది. దాని నీడ పడి నెట్టు పోతున్నది. ఏం జెయ్యాలె? నేనేమన్న భయపడ్తనా? మా ఇంటామె నీలమ్మ పెద్ద దుప్పటి తీసిన, వెదురు బద్దలు కట్టిన, పతంగి జేసిన. మాంజా ఆగుతదా అంత ఎత్తుకు? ఆగది. నా కాడ రాగి తీగ చుట్ట ఉన్నది. దాన్ని పతంగి చరఖాకు చుట్టిన. కిషన్‌బాగ్ దిక్కు నుంచి గాలి లేచింది. వదిలిన!"

"చరఖా ఎవరు పట్టిండ్రన్నా?" అన్నాడు విశ్వేశ్వర్.

"నేనే. కుడి చేతుల తీగ, ఎడమ చేతుల చరఖా, పండ్ల నడుమ బీడీ. గద్దలను దాటింది. మబ్బులను దాటింది, తీగ తడిసి కిందికి నీళ్లు కారుతున్నయి. అప్పుడొక విమానం అడ్డమొచ్చింది. నడిపెటోడు కిటికీ అద్దం దించి, 'భాయ్‌సాబ్, జెర పక్కకు జరుపుండ్రి' అన్నడు. 'ఇది గౌలిపుర ఆకాశం, నువ్వే సుట్టు తిరిగి పో' అన్న. పోయిండు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? టంగుమని తగిలింది. ఉపగ్రహమే! తీగల కెల్లి గొంతు వచ్చింది. 'కౌన్ హై?' అన్నది. 'వైకుంఠం, గౌలిపుర, రిటైర్డ్ లైన్‌మన్' అన్న. 'తీగ వదులు' అన్నరు."

ఇక్కడ వైకుంఠం ఆగాడు. ఆపాలని ఆపలేదు. ఒకసారి తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

"నేనన్న, ముప్పై రెండేండ్లు వానల, పిడుగులల్ల స్తంభం మీద తీగ పట్టుకునే ఉన్న. ఎవ్వడు చెప్పినా వదలలే. ఇప్పుడు మీరు చెప్తే వదలాల్నా? నలభై మంది పిల్లల చదువు ఆగింది. తప్పు మీది. మీరే జరుగుండ్రి. వాళ్లు 'నై' అన్నరు. నేను తీగను హాస్టల్ నీళ్ల ట్యాంకుకు మూడు సుట్లు తిప్పి, గోడకు కాలు తన్ని పెట్టి, ఒక్క గుంజుడు గుంజిన. రెండు మూరలు జరిగింది! ఆ దెబ్బకు కిషన్‌బాగ్‌ల నాలుగు దినాలు టీవీల బొమ్మలన్ని ఒంటి కాలు మీద నిలబడ్డయి. పోయి అడుగు. మీదికెల్లి ఒక పెద్దసారు, 'నీ అసొంటోడు మా కాడ ఉండాలె, నౌకరి ఇస్తం రా' అన్నడు. 'నాకు నా స్తంభాలే మంచిగున్నయి' అన్న. తీగ సుట్టుకున్న, దిగిన. గంతే!"

కృష్ణయ్య చప్పట్లు కొట్టాడు. వైకుంఠం తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

ఆండాలు మాత్రం కొంగు దించింది. "అన్నా, ఒక్క మాట. ఉపగ్రహం తప్పయితే, పన్నెండో గది పిల్ల సామాన్లు ఎందుకు తియ్యమన్నవ్ మరి?"

వైకుంఠం సాసర్ ఎత్తాడు. ఖాళీగా ఉంది. "అది... మీది ఆట వేరు, కింది ఆట వేరు చెల్లె. నీకు సమజ్ గాదు."

"నేను సామాన్లు తీసి ఆరు దినాలయ్యింది. నెట్టు రోజు లెక్కనే పోతున్నది."

"పోతదా? కొన్ని దినాలు ఆ వాసన ఉంటది. పాత అలలు."

అప్పుడు స్రవ్య ముందుకొచ్చింది. "బాపూ, నేను గూడ ఒక్కటి అడుగుతా?"

అంతా అటు తిరిగారు. పిల్ల గొంతులో కోపం లేదు. అదే ఆయనకు కష్టంగా తోచింది.

"అడుగు బిడ్డా. వైకుంఠానికి జవాబు లేని సవాల్ ఇంకా పుట్టలే."

"మీ ఇంట్ల మీది గదిల కుట్టుమిషన్ కాడ టీవీ ఉన్నది గదా. మా కిటికీలకెల్లి కనబడ్తది. దానికి వైరు ఏ దిక్కు నుంచి పోతది?"

వైకుంఠం ఛాతీ పొంగింది. ఎంత మంచి ప్రశ్న అడిగింది! "వైరా? వైరే లేదు! ఒక డబ్బా కింది టీవీ కాడ, ఇంకొకటి మీది టీవీ కాడ ఉంటది. మీది టీవీకి బొమ్మ గాలిల నుంచి పోతది. గోడ తొలిచేది లేదు, మేకు కొట్టేది లేదు. కోఠి అంత తిరిగి తెచ్చి నా చేతులతోని నేనే బిగించిన. ఈ బస్తీల ఇంకొకరి ఇంట్ల ఉంటే చూపెట్టుమను!"

"ఎప్పుడు తెచ్చినవ్ బాపూ?"

"దసరా ముంగట. నీలమ్మ బట్టలు కుట్టుకుంట సీరియళ్లు చూస్తనన్నది. రోజు ఆరున్నరకు షురువు జేస్తది, తొమ్మిదిన్నర దాంక ఒక్క సీరియల్ ఇడవది. బొమ్మ ఒక్కసారి గూడ ఆగది. గంత తాకత్ ఉన్నది దాంట్ల!"

"ఆదివారం గూడ చూస్తదా పెద్దమ్మ?"

"ఆదివారం సీరియళ్లు ఏడుంటయి బిడ్డా?"

స్రవ్య నోట్‌బుక్కు తెరిచి ఆండాలు ముందు పట్టింది. రెండు నెలల తారీఖులు, పక్కన నెట్టు పోయిన, వచ్చిన గంటలు. ఆండాలు వేలు ఒక్కో గీత మీదుగా కిందికి పోయింది. ఆరున్నర, తొమ్మిదిన్నర. ఆరున్నర, తొమ్మిదిన్నర. ఆదివారాల దగ్గర మాత్రం ఏమీ రాయలేదు.

ఆండాలు తలెత్తి వైకుంఠం ఇంటి మేడ వైపు చూసింది.

సరిగ్గా అప్పుడే ఆ మేడ మీది నుంచి సీరియల్ పాట గట్టిగా లేచింది. పాట ఒక చరణం పూర్తి కాకముందే హాస్టల్ మూడో అంతస్తు కిటికీ తెరుచుకుంది. స్రవ్య గదిలోనే ఉండే రచన తల బయటపెట్టి, "స్రవ్యా! మళ్ల పోయింది నెట్టు!" అని అరిచింది.

కృష్ణయ్య మెల్లగా అన్నాడు. "అన్నా, ఉపగ్రహం మీ ఇంట్లనే ఉన్నట్టున్నది గదా."

ఛాయ్ పొంగి పొయ్యిలో పడి చుయ్యిమంది. విశ్వేశ్వర్ చూసుకోలేదు.

వైకుంఠానికి చెవులు వేడెక్కాయి. ముప్పై రెండేళ్లలో ఎవరి లైన్ ఎక్కడ తెగిందో చెప్పినవాడు, రెండు నెలలుగా తన గోడ అవతల నలభై మంది లైన్ తానే తెంపుతున్నాడు. పైగా ఆ పిల్ల వైపు వేలు చూపించాడు. "నాకేం తెలుసు" అని అనొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. తెలియదనే మాట ఈ బెంచీ మీద ఆయన ఎన్నడూ అనలేదు.

లేచి గల్లీ మధ్యలోకి వెళ్లి మేడ వైపు తలెత్తాడు. "నీలా! ఆ డబ్బా బంద్ జెయ్యి!"

"ఇప్పుడే షురువయ్యింది!" అని నీలమ్మ గొంతు వచ్చింది.

"బంద్ జెయ్యిమంటున్న గద!"

పాట ఆగింది. అందరి కళ్లూ మూడో అంతస్తు మీదే. కాసేపటికి కిటికీలోంచి రచన రెండు చేతులూ బయటికి చాచింది. "వచ్చింది! మస్తుగ నడుస్తున్నది!"

పై అంతస్తుల నుంచి కేకలు, చప్పట్లు వినబడ్డాయి. వైకుంఠం వెనక్కి తిరిగాడు. మెడ స్తంభంలా నిలబెట్టుకునే ఉన్నాడు.

"చూసిండ్రు గద," అన్నాడు. "చెల్లె, ఆ పిల్ల సామాన్లు తెచ్చి పిల్లకియ్యి. నలభై మంది నెట్టు రెండు నెలలు ఆపాల్నంటే గా బొటనవేలంత ఏరియల్‌తోని అయితదా? దానికి వైకుంఠం ఇల్లు గావాలె! ఖాళీ చెయ్యాల్నంటే నన్ను చెయ్యిమను గౌలిపుర. పిల్లను గాదు."

"ఆ ముచ్చట ఆరు దినాల కింద చెప్తే బాగుండు," అంది ఆండాలు. చెప్పి ఆగలేదు. చెప్పులు టపటపలాడించుకుంటూ హాస్టల్లోకి పోయి సంచి తెచ్చి స్రవ్య చేతిలో పెట్టింది. "శనివారం ముచ్చట మర్చిపో బిడ్డా. నేను తొందరపడ్డ," అంది తలదించుకుని.

స్రవ్య అక్కడే బల్ల మీద సంచి విప్పి ఒక్కో బోర్డూ తీసి చూసుకుంది. ఒక తీగ ఊడిపోయి ఉంది. దాన్ని వేళ్లతో పట్టుకుని, ఎక్కడిదో వెతుకుతోంది.

ఇంతలో వైకుంఠం ఇంట్లోకి పోయి వచ్చాడు. చేతిలో రెండు నల్ల డబ్బాలు, వాటి వైర్లు నేల మీద ఈడ్చుకుంటూ వస్తున్నాయి. మేడ మీది నుంచి నీలమ్మ తిట్లు కూడా వెంట వస్తున్నాయి. తెచ్చి స్రవ్య ముందు బల్ల మీద పెట్టాడు. ఊడిన తీగ చూశాడు. జేబులోంచి పాత పట్కారు తీసి, అడగకుండానే ఆ తీగ కొస గీకి, మెలితిప్పి, "గా తెల్ల బొక్కల పెట్టు" అన్నాడు. స్రవ్య పెట్టింది. సరిపోయింది.

"ఈ డబ్బాలు విప్పు బిడ్డా," అన్నాడు. "గోడ అవతల నెట్టును ఇది ఎట్ల కొడ్తున్నదో నాకు చెప్పు."

"నేర్పియ్యమంటవా బాపూ?" అంది స్రవ్య, మొదటిసారి నవ్వుతూ.

వైకుంఠం బెంచీ మీద కూర్చుని కాలు మీద కాలేసుకున్నాడు.

"నేర్పియ్యమంటలే. చెప్పుమంటున్న. రెండిటికి మస్తు ఫరక్ ఉన్నది."